కూత విన్నవాళ్ళు

మన బడి ఆటల చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంచిక బాధ్యత చూస్తున్న మిత్రులు ఫోను చేసినప్పుడు ఆలోచించకుండా ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక మైపాడు వెళ్ళి, ఆఫీసు గదిలో బీరువా తీయించి చూశాను. నలుపెక్కిన రెండు కప్పులు, చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయిన సర్టిఫికెట్ల నకళ్ళు, చెదలు సగం తిన్న ఒక గ్రూపు ఫొటో. అంతే. ఫొటోలో ఏడుగురు పిలకాయలు, మధ్యలో కుర్చీలో డ్రిల్లు సారు. కింద పేర్లు రాసిన అట్టముక్కను చెదలు పూర్తిగా తినేశాయి. ఏడుగురిలో ఐదుగురి పేర్లు నాకు తెలుసు. ఆరోవాడి మొహం గుర్తుంది, పేరు గుర్తు రాలేదు. ఏడోవాణ్ణి నేనే.

అది 1989-90 నాటి చెడుగుడు జట్టు. సర్టిఫికెట్ల మీద కబడ్డీ అని ఉంటుంది గానీ హైస్కూలుకు వచ్చేదాకా ఆ మాట మాకు తెలియదు. క్రికెట్ గురించి రాస్తే చదివేవాళ్ళు ఎక్కువ ఉంటారని తెలుసు. మనలో చాలామంది కొబ్బరి మట్టతో సిక్సర్లు కొట్టినవాళ్ళే, రేడియో చుట్టూ గుమిగూడినవాళ్ళే. అయినా మన బడి ఆటల చరిత్ర అంటే నా లెక్కలో చెడుగుడు చరిత్రే. అందులో ఆడినవాళ్ళకు ఎంత వాటా ఉందో, బరి చుట్టూ నిలబడి చూసినవాళ్ళకూ అంత ఉంది. చూసినవాళ్ళు అనడం కూడా సరి కాదు. విన్నవాళ్ళు అనాలి. ఎందుకో చెప్తాను.

ఈ ఆటకు దేశంలో ఒక్కోచోట ఒక్కో పేరు. మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్లో హాడుడు, అరవదేశంలో సడుగుడు, మనకు చెడుగుడు. గమనిస్తే అన్నీ నోటితో చేసే చప్పుళ్ళే. బంతి లేదు, కర్ర లేదు, కట్టాల్సిన వల లేదు. ఆటకు పేరుగా మిగిలింది ఆటగాడి గొంతు ఒక్కటే. ఎదుటి బరిలోకి పోవడాన్ని మనం కూతకు పోవడం అంటాం. ఇప్పుడు టీవీలో రైడ్ అంటున్నారు. రైడ్ అంటే దాడి. కూత అంటే గొంతు. ఆట మారిన తీరంతా ఆ రెండు మాటల మధ్యే ఉందనిపిస్తుంది నాకు.

ఆటను నియమాల్లో పెట్టిన ఘనత మహారాష్ట్ర వాళ్ళది. 1918 ప్రాంతంలో అక్కడ మొదలైన ప్రయత్నం 1923 నాటికి అచ్చు పుస్తకం అయింది. అంతకు ముందు చావడం, బతకడం గురించే మూడు పద్ధతులు ఉండేవి. సంజీవనిలో, మనవాడు ఎదుటివాణ్ణి ఔట్ చేస్తే చచ్చిన మనవాడొకడు బతికి లోపలికి వస్తాడు. గామినిలో చచ్చినవాడు జట్టంతా చచ్చేదాకా బయటే కూచోవాలి. అమర్‌లో ఎవరూ చావరు, తాకిన వాడి మీద పాయింటు మాత్రం రాసుకుంటారు. చివరికి నిలబడింది సంజీవని. మన సముద్రపొడ్డున నా చిన్నతనంలో ఆడింది మాత్రం గామిని. ఆ పేరు మాకు తెలియదు. చచ్చినవాడు చచ్చినట్టే, బయట ఇసకలో కూచుని తిట్లు తినడమే వాడి పని.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్ళు ఈ ఆటను విదేశీయులకు ఆడి చూపించారు. మన అమరావతి కాదు, విదర్భలోది. 1938లో కలకత్తాలో జరిగిన జాతీయ క్రీడల్లో దీన్ని చేర్చారు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. 1952లో పురుషుల మొదటి జాతీయ పోటీలు మద్రాసులో జరిగాయి. ఈ చివరి సంగతి మన జిల్లా వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే. అంటే మొదటి జాతీయ పోటీలు మన రాజధానిలోనే జరిగినట్టు. బకింగ్‌హామ్ కాలవలో పడవలు మద్రాసుకు సరుకు మోసిన కాలం అది. పట్టపుపాళెంలో ఇళ్ళలో మాట్లాడుకునే మాటలో ఇప్పటికీ అరవం కలిసి ఉంటుంది. సడుగుడు, చెడుగుడు ఒకే నోట పలికే చోటు మనది.

ఇక మన ఒడ్డు సంగతి.

సముద్రం పోటు మీదుండి వేట లేని రోజున సాయంత్రం ఆట కట్టేవాళ్ళు. బరి ఎక్కడ గీయాలన్నది పెద్ద చర్చ. మరీ పొడి ఇసకలో అయితే కాలు దిగబడుతుంది, తడి ఇసకలో అయితే పడితే దెబ్బ తగులుతుంది. రెండింటి నడుమ, అల వచ్చి తాకి పోయిన చోటికి పదడుగుల పైన మడమతో గీత గీసేవాళ్ళు. నడిమి గీతకు మాత్రం పాత వల తాడు పరిచి రెండు కొసలూ ఇసకలో పూడ్చేవాళ్ళు. ఒక్కో జట్టులో ఇంతమందే ఉండాలని లేదు. అలివి వల లాగిన కాళ్ళు అవి. ఆ కాళ్ళు ఇసకలో పాతుకుంటే కదిలించడం ఎవరి వల్లా కాదు. పట్టుకు పాళెం పిలకాయలు, కూతకు ఊళ్ళో పిలకాయలు అని ఒక మాట ఉండేది. అది ఊళ్ళోవాళ్ళు చెప్పుకున్న మాట లెండి. నేను చూసినంతలో రెండింటికీ పాళెం వాళ్ళే.

చుట్టూ జనం. ఎంత దగ్గరగా నిలబడేవాళ్ళంటే ఆటగాళ్ళు వాళ్ళ కాళ్ళ మీద పడేవాళ్ళు. అట్లా మూగడానికి కారణం ఉంది. సముద్రం హోరు. పది బారల దూరం పోతే కూత వినపడదు. కూత వినపడకపోతే ఆట లేదు. ఒకే ఊపిరి మీద కూస్తూ పోయి, ఆ ఊపిరి తెగేలోగా తాకి రావాలి. తెగిందో లేదో చెప్పడానికి అప్పుడు రిఫరీ లేడు. చుట్టూ ఉన్నవాళ్ళ చెవులే రిఫరీలు. అందుకే కూతకు పోయినవాడు గీత దాటగానే జనం నోరు మూసేవాళ్ళు. వెనక్కి వచ్చి తాడు తొక్కాక, అప్పుడు పడేది కేక. బయటి ఊరి నుంచి వచ్చి ఎవరైనా మధ్యలో ఈల వేస్తే పక్కనున్నవాడు మోచేత్తో పొడిచేవాడు.

ఆ చెవుల్లో అందరికంటే పెద్ద చెవి ఒక అవ్వది. పేరు రాయను, చాలామంది పాతవాళ్ళకు తెలుసు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట దాకా నడిచి అమ్ముకొచ్చే మనిషి. సాయంత్రం ఖాళీ గంప నడుముకు ఆనించుకుని తాడు కొసన నిలబడేది. ఆట వైపు సరిగా చూసేది కూడా కాదు. సముద్రం వైపు చూస్తూ వినేది. కూత మధ్యలో ఎవడైనా గుటక వేసి దొంగ ఊపిరి తీస్తే చాలు, "తెగింది నాయనా, ఇంక రా బయటికి" అనేది. అంతే. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అవ్వ కొడుకు ఆడుతున్నప్పుడు వాడికీ అదే మాట.

1962లో పాఠశాలల క్రీడా సమాఖ్య ఈ ఆటను జాతీయ పాఠశాలల పోటీల్లో చేర్చింది. దాంతో దేశమంతటా డ్రిల్లు మాస్టర్లకు టేపు, సున్నం, నిబంధనల పుస్తకం అందాయి. మా సారు వచ్చేసరికి అవన్నీ పాతబడిన సంగతులే అయినా, మా ఒడ్డుకు మాత్రం కొత్త. పదమూడు మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు, జట్టుకు ఏడుగురు, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. ఎదుటి జట్టు మొత్తాన్ని ఔట్ చేస్తే లోనా, రెండు పాయింట్లు అదనం. చచ్చినవాడు బతుకుతాడన్నది మాకు అన్నిటికంటే ఆనందం కలిగించిన నిబంధన.

సారు మొదటి నెలలోనే ఒక చిక్కులో పడ్డారు. ఊరి పిలకాయలు ఒక జట్టు, పాళెం పిలకాయలు ఒక జట్టుగా ఆడించారు. ఆట కొట్లాట అయింది. సాయంత్రానికి పెద్దవాళ్ళు దిగారు. పాళెంలో కాపులు కూచుని, బడి బరిలోకి మన పిలకాయలు పోకూడదని దురాయి వేశారు. మూడు వారాలు బరి మీద గడ్డి మొలిచింది. సారు ఎవర్నీ బతిమాలలేదు. ఒక సాయంత్రం ఒడ్డుకు వచ్చి అవ్వ పక్కన నిలబడి ఆట చూశారు. మర్నాడూ వచ్చారు. మూడో రోజు అవ్వతో, "బడిలో గీతలు నేను చూసుకుంటాను, కూత వినేదానికి నువ్వు రావాలమ్మా" అన్నారు. అవ్వ వచ్చింది. అవ్వ వెనక పిలకాయలూ వచ్చారు. దురాయి ఎవరూ ఎత్తేయలేదు, అట్లా మరుగున పడిపోయింది. ఈసారి సారు జట్లను కలిపేశారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కట్టాల్సిన ఆట ఇది. అంతకుముందు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని వాళ్ళం మేము. ఈ మాట ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు, మన బడిలో చదివినవాళ్ళకు అర్థమవుతుంది.

ఫొటోలోని జట్టు ఆ తర్వాతది. మండల పోటీలు గెలిచి పై పోటీలకు నెల్లూరు పోయాం. అందరికంటే పెద్ద కూతగాడు ఫొటోలో ఎడమ నుంచి రెండోవాడు, పాళెం వాడు, నా తరగతే. చివరి నిమిషంలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. వాడు కూతకు పోయాడు, ఒకణ్ణి తాకాడు, తిరిగి వస్తున్నాడు. ఇంకా రెండడుగులు ఉందనగా ఆగాడు. రిఫరీ ఈల వేయలేదు. ఎదుటి జట్టు కూడా ఏమీ అనలేదు. వాడే చెయ్యెత్తి, "తెగింది సార్" అన్నాడు. ఒక్క పాయింటుతో ఓడాం.

తిరుగు బస్సులో వాడితో ఎవరం మాట్లాడలేదు. నేనైతే వాడి పక్కన కూచోలేదు కూడా. అవ్వ ఇక్కడ లేదు గదా, ఎవరికి వినపడిందని చెప్పావు అని ఎవరో అడిగారు. "నాకు వినపడింది గదరా" అన్నాడు. సారు ఏమన్నారని మీరు అడగవచ్చు. ఏమీ అనలేదు. బస్సు దిగాక వాడి భుజం మీద చెయ్యి వేసి ఒడ్డు దాకా నడిచిపోయారు. ఆ వేసవిలో వాళ్ళ నాయనకు జబ్బు చేస్తే వాడు వేటకు పోయాడు. పదో తరగతికి రాలేదు.

ఆ ఏడాదే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బీజింగ్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. 1982లో ఢిల్లీలో ప్రదర్శనకు మాత్రమే ఉంచిన కబడ్డీని పతకాల ఆటగా మొదటిసారి అక్కడ ఆడించారు. మన దేశం ఆ క్రీడల నుంచి తెచ్చిన స్వర్ణం ఒకే ఒక్కటి, అది కబడ్డీలోనే. అజహరుద్దీన్ కెప్టెన్ అయిన సంవత్సరం, ఊరంతా క్రికెట్ జపం. అలాంటి రోజుల్లో ప్రార్థన సమయంలో సారు పేపరు పట్టుకుని ఆ వార్త చదివారు. పనిలేని పిలకాయల ఆట అని ఇళ్ళలో తిట్లు తిన్న మాకు ఒళ్ళు పులకరించింది. సాయంత్రం సారు పేపరు మడిచి చేతిలో పెట్టుకుని పాళేనికి పోయారు. వెనకాలే మేము. చైనాలో మనవాళ్ళు చెడుగుడు గెలిచారమ్మా, బంగారు పతకం ఇచ్చారు అని అవ్వకు చెప్పారు. అవ్వ వల్లో చేపలు ఏరుతూ అంతా విని, "అక్కడ కూత ఎవరు విన్నారు?" అని అడిగింది.

మేమందరం నవ్వాం. నవ్వాల్సిన ప్రశ్న కాదని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాతి కాలం గబగబా చెప్పేస్తాను. రొయ్యల గుంటలు వచ్చాయి, ఆడుకునే బీళ్ళు తగ్గాయి. 2003 సంక్రాంతికి ఒక్కడు సినిమా వచ్చింది. మహేష్ బాబు కబడ్డీ ఆడాడని ఒక ఏడాది పాటు మళ్ళీ ప్రతి ఒడ్డునా గీతలు పడ్డాయి. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున సముద్రం లోపలికి వచ్చింది. ఆ సంగతి మనలో చాలామందికి ఇంకా చెప్పుకోలేని సంగతి, ఇక్కడ రాయను. కొంతకాలం ఒడ్డున ఎవరూ ఆడలేదు. 2008లో బాలిలో ఆసియా బీచ్ క్రీడలు మొదలుపెట్టి ఇసక మీద కబడ్డీకి పతకాలు ఇస్తున్నారని పేపర్లో చదివినప్పుడు, ఇప్పుడు తెలిసిందా మీకు అని గట్టిగా అన్నాను. ఇంట్లో వాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు.

2014 జులై 26న ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. మన రెండు రాష్ట్రాల పేరు మీద తెలుగు టైటాన్స్. మొదటి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని లెక్క ప్రకటించారు. ఈ ఆటకు అంత గౌరవం దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి మన పాళెంలో రాహులన్న అయిపోయాడు. టైటాన్స్ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరుసగా అట్టడుగున నిలిచింది. అయినా ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం ఉండే రెండు నెలల్లో పడవల నీడన కూచున్న కుర్రాళ్ళు ఫోనులో ఆ పాత ఆటలే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూస్తారు. ఓడిన ఆటలని తెలిసీ చూస్తారు. అభిమానం అంటే అది. గెలిచే జట్టును ఎవరైనా అభిమానిస్తారు.

ఆ కుర్రాళ్ళ పక్కన కూచుని నేనూ చూశాను. వేగం అద్భుతం. కాళ్ళ కింద మ్యాట్, నెత్తిన దీపాలు, ఒక రైడ్‌కు 30 సెకన్లు. నిబంధనల పుస్తకంలో కూత ఇంకా ఉంది, ఆటగాడి పెదవులు కదులుతూనే ఉంటాయి. కానీ మైకులు, డప్పులు, పాటల హోరులో అది ఎవరికీ వినపడదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. ఊపిరి చేసే పని గడియారం చేస్తోంది. చుట్టూ వేలమంది ఉంటారు, వాళ్ళ పని అరవడం. మా కాలంలో జనం పని అరవకుండా ఉండడం.

పాతదే గొప్ప అని నేను అనను. గడియారం లేకపోతే ఇరాన్ వాళ్ళకు, కొరియా వాళ్ళకు ఈ ఆట అందేది కాదు. అందింది కాబట్టే 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో సెమీఫైనల్లో 27-18తో ఓడాం. 1990 నుంచి వరుసగా ఏడు స్వర్ణాలు గెలిచిన పురుషుల జట్టుకు ఆసియా క్రీడల్లో మొదటిసారి బంగారం దక్కలేదు. మహిళల ఫైనల్లోనూ ఇరానే గెలిచింది, 27-24. ఆ ఇరాన్ మహిళలకు ఆట నేర్పిన కోచ్ శైలజా జైన్ నాసిక్ ఆమె. ఆట మన చేతులు దాటి పోయిందంటే బతికిందనే అర్థం.

కానీ 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో జరిగిన ఫైనల్ చూస్తుంటే మాత్రం అవ్వ గుర్తొచ్చింది. మనకూ ఇరాన్‌కూ 28-28. ఇంకా ఒక నిమిషం పైచిలుకు ఆట. కెప్టెన్ పవన్ సెహ్రావత్ రైడ్‌కు పోయి ఎవర్నీ తాకకుండా గీత బయట కాలు పెట్టాడు. ఆయన్ను పట్టబోయి ఇరాన్ వాళ్ళు కొందరు వెంట బయటికి వచ్చేశారు. ఎవరు ఔట్, ఎన్ని పాయింట్లు? తీర్పు ఇచ్చారు, మార్చారు, మళ్ళీ మార్చారు. రెండు జట్లూ బరిలోనే కూచున్నాయి. వీడియోలు తిప్పి తిప్పి చూశారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి 33-29తో మనవాళ్ళు గెలిచారు. అదే నెలలో జరిగిన వేలంలో పవన్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల పైన పెట్టి కొన్నది. ఇంత డబ్బు, ఇన్ని కెమెరాలు ఉన్నచోట, రెండు పక్షాలూ ఎదురు చెప్పకుండా ఒప్పుకునే మనిషి ఒక్కరు దొరకలేదు. అక్కడ కూత ఎవరు విన్నారు అని ఆమె అడిగింది చెవుల గురించి కాదని అప్పుడు తట్టింది.

ఆరోవాడి పేరు కోసం ఫొటో తీసుకుని పాళేనికి పోయాను. మా కూతగాడు ఇంటి ముందు కూచుని వల అల్లుతున్నాడు. జుట్టు నెరిసింది, నాకూ నెరిసింది. బస్సులో పక్కన కూచోనందుకు ఏదో అనబోయాను. "వదిలెయ్ రా, ఎప్పటి మాట" అని ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ఆరోవాడి పేరు వెంటనే చెప్పాడు. ఇప్పుడు కృష్ణపట్నంలో ఉన్నాడని కూడా చెప్పాడు. తర్వాత, "ఇది పుస్తకంలో వేస్తారా? నా పేరు కూడా వేస్తారా? నేను తొమ్మిదిలోనే మానేశాను గదా" అన్నాడు.

మన సంఘం సభ్యుల పట్టిక పదో తరగతి రిజిస్టరు చూసి తయారు చేసింది. ఈ ఫొటోలోని ఏడుగురిలో పదో తరగతి దాకా వచ్చినవాళ్ళం ముగ్గురం. ఏడుగురి పేర్లూ ఎడమ నుంచి కుడికి వరసగా వేరే కాగితం మీద రాసి ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను. ఫొటో కింద ఏడూ వేయమని సంపాదక మిత్రులకు నా మనవి. పట్టికలో చేర్చే సంగతి సర్వసభ్య సమావేశంలో నేనే లేవనెత్తుతాను.

ఫొటో తిరిగి ఇస్తూ వాడు కుడి అంచున వేలు పెట్టి చూపించాడు. చెదలు తినగా మిగిలిన చోట వంపు తిరిగిన నల్లటి గీత ఒకటి ఉంది. నేను మరక అనుకున్నాను.

"అవ్వ గంప" అన్నాడు.